గ్రాఫు గీసినంత మాత్రాన

"నాయన ఒప్పుకోలా."

ఫోనులో కేశవ ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడు. యమున పెనుకొండలో, ఆసుపత్రికి దగ్గరని దిగిన పుట్టింటి వంటింట్లో, మామగారికి తీసుకుపోవాల్సిన రాగిజావ కలుపుతూ తరువాతి మాట కోసం చూసింది. రాలేదు. హిందూపురం ఆసుపత్రిలో ఎవరో బకెట్ ఈడుస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది.

ఇది ఆమెకు కొత్త కాదు. కేశవ మగ్గంలో కూర్చుంటే కాళ్లూ చేతులూ పనిచేస్తాయి, నోరు సెలవు పెడుతుంది. మగ్గం దిగాక కూడా ఆ సెలవు పొడిగించుకుంటూ పోతుంది. పెళ్లయిన కొత్తలో దాన్ని ఆమె గాంభీర్యం అనుకుంది.

"ఏమన్నాడు?"

"సుధ ఈపొద్దు వస్తాంది గదా, మందు తెస్తాంది గదా, ఇంక కాలెందుకు తీసేది అంటాడు. డాక్టరమ్మ ఎంత చెప్పినా నవ్వుతాడు." మళ్లీ కాసేపు బకెట్ చప్పుడు. "నువ్వు బిర్నా రా."

జావ అడుగంటింది. యమున గిన్నె దించి, అడుగు కదలకుండా పైపైన ఉన్నంతవరకు క్యారియర్‌లో పోసుకుంది. వాళ్లమ్మ చూసి, మాడువాసన ఆయనకు తెలియకపోతుందా అంది. తెలిసినా అడగడమ్మా, అంది యమున. అడగడని తెలిసే కదా ఇన్నాళ్లూ నడిపింది.

అబద్ధం కేశవదే. ధర్మవరంలో మగ్గం గుంటలో మేకు గీరుకున్న పాదాన్ని, చక్కెర జబ్బు పుణ్యమా అని నొప్పి తెలియక, నల్లబడేదాకా కదిరప్ప ఎవరికీ చూపించలేదు. చూపించాక అందరూ ఆసుపత్రికి పదమంటే, ఆసుపత్రికి పోయిన కాలు మళ్లీ గుంటలో దిగదని మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు కేశవ, చెల్లెలి పేరు మీద, ఏడాదికి సరిపడా మాటలు ఒక్కసారే వాడేశాడు.

"సుధ చదివేది ఈ పురుగుల మీదనే గదా నాయనా. మందు కనుక్కునింది. ఆసుపత్రిలో చేరితేనే వేస్తారంట."

ముసలాయన లేచి చొక్కా అడిగాడు.

యమున అప్పుడు గుమ్మం దగ్గరే ఉంది. ఏమీ అనలేదు. కానీ ఆ తరువాత, హిందూపురంలో మంచం మీద పడుకుని ఆయన "సుధ ఫోన్ చేసిందా అమ్మా, మందు యాడిదాకా వచ్చింది" అని అడిగినప్పుడల్లా, "వస్తాంది మామా" అంటూ వచ్చింది మాత్రం తనే. కేశవ అబద్ధం ఒక్కసారి చెప్పాడు. దాన్ని పూటపూటా వేడిచేసి వడ్డించింది ఆమె.

కదిరప్ప నమ్మడానికి కారణం ఉంది. కిందటిసారి ఇంటికి వచ్చినప్పుడు ఆయన కూతురు సాయిసుధ ఫోనులో ఒక బొమ్మ చూపించింది. రంగురంగుల రిబ్బన్లు మెలికలు తిరిగి, మధ్యలో ఒక గుంత. బెంగళూరు ల్యాబులో తను స్ఫటికాలుగా పెంచి, ఎక్స్‌రేలతో రూపం రాబట్టిన ఎంజైము అది. కంటికి కనిపించని, మందులకు లొంగని పురుగులు దాన్ని తమ ఒంట్లో తయారుచేసుకుని, మనం వేసిన మందును ముక్కలు చేసి పారేస్తాయని, ఆ గుంతలో సరిగ్గా ఇమిడేది ఏదైనా దొరికితే వాటి ఆట కట్టినట్టేనని చెప్పింది. కదిరప్ప ఫోను దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి చూశాడు.

"గ్రాఫు బాగొచ్చింది" అన్నాడు.

ధర్మవరంలో గ్రాఫు అంటే చిన్న మాట కాదు. కొంగులో నెమలి ఎక్కడ మెడ తిప్పాలో, అంచులో తీగ ఎక్కడ వంపు తిరగాలో ముందు గళ్ల కాగితం మీద గీస్తారు. ఆ గళ్లను బట్టి అట్టలకు రంధ్రాలు కొట్టి, ఆ అట్టలను మగ్గం మీద పోగుల్ని లేపే జకార్డుకు ఎక్కిస్తారు. తరువాత నేతగాడు కాలు తొక్కడమే. కష్టమంతా గ్రాఫులో ఉంది. గ్రాఫు వచ్చిందంటే చీర వచ్చినట్టే, నాలుగు రోజులు అటూ ఇటూ. ఆ లెక్కన కూతురి మందు ఈపాటికి మగ్గం దిగి, మడతపడి, పెట్టెలో ఉండాలి.

ఆ మాట ఆయన వార్డులో అందరికీ చెప్పాడు కూడా. పక్క మంచం మీది పుల్లన్న రొళ్ల నుంచి వచ్చినవాడు. గొర్రెలు కాసే మనిషి, ముల్లు గుచ్చుకుని చెయ్యి వాచింది. యమున కనిపించినప్పుడల్లా, "మీ ఆడబిడ్డ వచ్చినాక మాకూ స్వల్ప పెట్టమని చెప్పు తల్లీ" అనేవాడు. మామగారొక్కరికి వండిన అబద్ధం వార్డంతటికీ సరిపోయేలా ఉంది.

హిందూపురంలో బస్సు దిగి యమున నేరుగా డాక్టర్ మమత గదిలోకి వెళ్లింది. కేశవ అప్పటికే అక్కడ ఉన్నాడు, నేలమీద చతురస్రాల టైల్సును శ్రద్ధగా చూస్తున్నాడు.

డాక్టరమ్మ వయసులో చిన్నదే కానీ నిద్రలేని కళ్లు ఆమెను పెద్దదాన్ని చేశాయి. పుండులోంచి తీసిన పురుగును పెంచి, ఉన్న మందులన్నీ ఒక్కొక్కటే దానిమీద వేసి చూశామని, ఒక్కటి తప్ప దేనికీ అది చావలేదని చెప్పింది. ఆఖరున మిగిలిన ఒక్క మందూ ఎక్కిస్తుంటే మూత్రపిండాలు మొరాయిస్తున్నాయి. కాలులో ఉన్నది రక్తంలోకి పోకముందే మోకాలి కింద తీసేయాలి. అదీ ఈరోజే.

"తీస్తే బతుకుతాడా?" అని అడిగింది యమున.

"సగం సగం అనుకోండి. తీయకపోతే ఆ సగం కూడా లేదు." ఆమె కాగితాలు సర్దుతూ, కొత్త మందు ఏదో వస్తోందని ఆయనకు చెప్పింది ఎవరని అడిగింది. అలాంటి మందు ఉంటే ముందు తనే వెళ్లి తెచ్చుకునేదాన్నని, వార్డులో ఇంకో ముగ్గురికి కూడా కావాలని అంది.

కేశవ టైల్సు చూడటం మానలేదు. యమున మొగుడి వైపు చూసి, డాక్టరమ్మ వైపు చూసి, "ఇంట్లోనే తయారైంది మేడం, మేమే చెప్పాం" అంది.

* * *

బెంగళూరు రైలు వచ్చేసరికి యమున ప్లాట్‌ఫారం మీద ఉంది. సుధ వీపు సంచితో దిగింది. జుట్టు సరిగా దువ్వుకోలేదు. తండ్రి సంగతి ఆమెకు నిన్ననే తెలిసింది. అంతవరకూ స్ఫటికాలను చూసే పెద్ద ఎక్స్‌రే యంత్రం దగ్గర పని మీద పైదేశంలో ఉంది, ఆ పని చెడగొట్టవద్దని ఇంట్లోవాళ్లు దాచారు. చెడగొట్టకూడని పని ఏదో వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

"రిపోర్టు ఫొటో పంపమంటే అన్న పంపలేదు వదినా. నీ దగ్గర ఉండాదా?"

యమున ఫోను ఇచ్చింది. సుధ నిలబడే చదివింది. చదివి, వేళ్లతో పెద్దది చేసి మళ్లీ చదివింది. జనం ఆమెను తోసుకుంటూ పోతున్నారు. ఉన్నట్టుండి బెంచీ మీద కూర్చుంది.

"ఇది నాదే వదినా."

"ఏది?"

"ఈ పురుగు దగ్గర ఉండే ఎంజైము. నేను చేసేది దీని మీదనే."

యమున ఫోనులోకి తొంగి చూసింది. డిగ్రీలో ఆమె చదివిన మైక్రోబయాలజీ ఇంతవరకూ పెరుగు తోడు వేయడానికే అక్కరకొచ్చింది. పక్కన కూర్చుంది.

సుధ చెప్పుకుపోయింది, ఎవరికి చెబుతున్నదో తెలియకుండా. సూదిమొన మీద నిలిచేంత బొట్టులో ఆ ఎంజైము పోసి, చల్లని చోట కదలకుండా పెట్టి, స్ఫటికం కడుతుందా అని నెలల తరబడి చూసేదట. ఉప్పు కాస్త ఎక్కువైతే కట్టదు, తక్కువైతే కట్టదు. పక్కవాళ్లు తలుపు గట్టిగా వేసినా ఈమెకు గుండె ఆగేది. ఎన్నో బొట్లు పాడయ్యాయి. ఒకరోజు సూక్ష్మదర్శినిలో చూస్తే పలకలు పలకలుగా మెరుస్తూ కనిపించిందట.

"ఆపొద్దు ల్యాబంతా మైసూరుపాకు పంచినా వదినా." ఆమె ఫోను తిరిగి యమున చేతిలో పెట్టింది. "దీని మొహం నాకు తెలిసినంత ఈ దేశంలో ఎవరికీ తెలియదేమో. ఏ వంపు యాడుండాదో కళ్లు మూసుకుని చెప్తా. అది మా నాయన కాలులో ఉండాది."

ఆటోలో యమున మిగతాది చెప్పింది. చెప్పాల్సినప్పుడు చెప్పని మాట, ఆలస్యంగా చెబితే రెట్టింపు బరువుంటుంది. రహమత్‌పురం మలుపు దగ్గర సుధ ఆమె వైపు తిరిగింది.

"నా దగ్గర మందు ఉండాదని ఎవరు చెప్పినారు?"

"మీ అన్న."

"నువ్వు?"

"నేను కాదనలా."

"వదినా, నా దగ్గర ఉండేది బొమ్మ."

"తెలుసు."

"తెలిసే చెప్పినారా?"

యమున ఒడిలో క్యారియర్ మీద చేతులు పెట్టుకుని రోడ్డు చూసింది. తెలియక చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అని మొదటిసారి అనిపించింది. చదువుకోవడంలో ఉన్న చిక్కు అదే, తెలియలేదని చెప్పుకోవడానికి ఉండదు.

* * *

ధర్మవరం ప్యాసింజరులో అత్తగారు సుబ్బమ్మ కూడా వచ్చి చేరింది. వార్డు బయట వరండాలో బెంచీ మీద, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. కూతురిని చూసి లేవలేదు. "నాయన్ని చూసినావా?" అని మాత్రం అంది.

"ఇంకా లేదు. అమ్మా, పుండైనప్పుడు నాయనకు ఏమేమి మాత్రలిచ్చినావు?"

"ఉండేటివి ఇచ్చినా."

ఉండేటివి అంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. సుబ్బమ్మ వంటింటి గూట్లో ఒక గాజు సీసా ఉంటుంది. ఇంటిల్లిపాదికీ ఎప్పుడెప్పుడో వచ్చిన జబ్బులకు కొన్న మాత్రల్లో మిగిలినవన్నీ అందులో కలిసి కాపురం ఉంటాయి. దగ్గుకు పచ్చది, జ్వరానికి ఎర్రది, రెండు రంగులదైతే దేనికైనా. ఒకసారి యమునకు పంటినొప్పి వస్తే మేనత్తగారి ఆపరేషన్ నాటి మాత్ర ఇచ్చింది. తగ్గింది కూడా, అదే ఆ సీసాకు వచ్చిన పేరు.

"ఎన్ని దినాలు ఇచ్చినావు?"

"కొంచెం నయంగా ఉండాది అనేంతవరకు. మిగిలినవి ఎత్తిపెట్టినా. పారేస్తామా?"

"అట్ల సగంలో ఆపితేనే పురుగు ముదిరేది. ఎన్నిసార్లు చెప్పినా నీకు."

సుబ్బమ్మ సంచి పిడిని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది. "అయితే నేనే చంపుకుంటాండానా ఆయన్ని?"

"నేనట్ల అనలా."

"అనకపోయినా అర్థమయ్యిందిలే. అంత చదువు లేకపోయినా ఆమాత్రం తెలుస్తాది."

వరండాలో నర్సు ఒకామె వాళ్లను దాటుకుంటూ వెళ్లింది. ఈ పురుగు ఎక్కడ అంటుకుందో, ఇంట్లోనా, వేరే చోట కట్టు కట్టించుకున్నప్పుడా, ఎవరూ చెప్పలేరని డాక్టరమ్మ పొద్దుననే చెప్పింది. ఆ మాట యమున ఇప్పుడు అత్తగారి చెవిన వేసింది. సుబ్బమ్మ విన్నట్టు లేదు. సీసా మూతను ఊహలోనే బిగిస్తున్నట్టు ఆమె వేళ్లు తిరుగుతున్నాయి.

గోడకు ఆనుకున్న కేశవ గొంతు సవరించుకున్నాడు.

"సుధా, ఇంకో మాట చెప్పు నాయనకు. మందు తెచ్చినా, కానీ కాలు తీసినాకనే అది పనిచేస్తాది అని చెప్పు. నువ్వు చెప్తే ఒప్పుకుంటాడు."

అంతా అతనివైపు చూశారు. అది పనిచేసే అబద్ధమని యమునకు తక్షణం తెలిసిపోయింది. ఇన్నాళ్ల వంటింటి అనుభవం ఉంది కదా. పాతదానిలోనే కాస్త నీళ్లు పోసి ఇంకో పూటకు సరిపెట్టడం. ముసలాయన సంతకం పెడతాడు, ప్రాణం దక్కితే దక్కుతుంది, తరువాతి సంగతి తరువాత. తన మొగుడిలో ఇంత బుర్ర ఉందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అది ఇలాంటి చోట బయటపడినందుకు బాధేసింది.

"చెప్పను" అంది సుధ.

"ప్రాణం పోతాది మే" అంది సుబ్బమ్మ.

"కాలు పోయినాక దినామూ అడుగుతాడు, మందు యాడ అని. అప్పుడెవరు చెప్తారు? వదినేనా?" సుధ యమున వైపు చూడలేదు, అది ఇంకా గట్టిగా తగిలింది. "ఆయన ఊళ్లో ఎవర్నీ నమ్మడు. నా పనిని నమ్మినాడు. దాన్ని గూడా మీ సీసాలో వేయొద్దు."

"నీ పని గొప్పదా, మీ నాయన గొప్పోడా?"

సుధ భుజాల మీది పట్టీలు విప్పింది. సంచి బెంచీ మీద పెట్టింది. "నిజం చెప్పి ఒప్పిస్తా" అంది.

"ఒప్పుకోకుంటే?"

ఆ ప్రశ్న కేశవది. సుధ వార్డు తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. యమున క్యారియర్ తీసుకుని వెనకే నడిచింది. రోగికి జావ ఇవ్వాలి, అంతకుమించి తనకు అక్కడ పని లేదని తనకు తనే చెప్పుకుంది.

* * *

కదిరప్ప కూతుర్ని చూసి మోచేతుల మీద లేవబోయి, లేవలేక నవ్వాడు. ఆ కొద్ది రోజుల్లో ఆయన ముఖం ఎముకల దగ్గరికి వెళ్లిపోయింది.

"వచ్చినావా బిడ్డా. తిన్నావా?" అని, పక్కకు తిరిగి, "ఈయమ్మే" అన్నాడు పుల్లన్నతో.

పుల్లన్న వాచిన చేతిని బాగున్న చేత్తో ఎత్తి పట్టుకుని నమస్కారం లాంటిది చేశాడు. సుధ తల దించుకుంది. కట్టు కట్టిన కాలి దగ్గర కూర్చోబోయి, లేచి, తలవైపు వచ్చి కూర్చుంది.

"మందు డాక్టరమ్మకు ఇచ్చేసినావా?"

"నాయనా, నేను నీకు చూపించిన గ్రాఫు మందుది కాదు."

"మరి?"

"పురుగుది. మన మందును పాడుచేసేదానికి అది నేసుకున్న చీరె అది. దాన్ని చూసి నేను గ్రాఫు ఎత్తి రాసుకున్నా, అంతే. మనం నేయాల్సినదాని గ్రాఫు ఇంకా ఎవరూ గీయలేదు." ఆమె ఆగింది. ఆగి, తడబడకుండా ఉండటానికి కాబోలు, మంచం ఇనుప చట్టం పట్టుకుంది. "గీసినా, అది మనిషి ఒంటికి పడుతుందా లేదా అని చూడాల. శానా ఏండ్లు పడతాది. నీకు అందదు నాయనా."

కదిరప్ప పైన తిరుగుతున్న ఫ్యాను చూశాడు. ఒక రెక్కకు దుమ్ము ఎక్కువ పట్టి అది కాస్త ఊగుతోంది. ఆయన అంతసేపు దాన్ని చూశాడంటే, ఊగు ఎక్కడుందో కనిపెట్టేదాకా చూశాడేమో అనిపించింది యమునకు. పుల్లన్న చేతిని మెల్లిగా దింపుకున్నాడు.

"అంటే పగోడి గ్రాఫు తెచ్చుకున్నావు."

"ఊ."

"ఇన్నేండ్లూ దానికే పట్టిందా?"

"ఊ."

"పగోడిదైనా, గ్రాఫు బాగొచ్చిందమ్మా" అన్నాడు.

సుధ చట్టం మీద నుదురు ఆనించింది. భుజాలు కదులుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. ఆయన చేయి చాచి ఆమె దువ్వుకోని జుట్టు మీద పెట్టాడు. సూది గుచ్చి ఉన్న చేయి, అందుకే పూర్తిగా వంగలేదు.

"మీ అన్నకు తెలుసా, మందు లేదని?"

సుధ తల ఎత్తలేదు.

"మీ అమ్మకు?"

అప్పుడు ఆయన చూపు మంచం అవతలికి, క్యారియర్ మూత తీసి చెంచా వెతుకుతున్న యమున మీదికి వచ్చింది. వెతకడానికి ఏమీ లేదు, చెంచా ఆమె చేతిలోనే ఉంది.

"నీకూ తెలుసా యమునా?"

"తెలుసు మామా."

"దినామూ వస్తాంది వస్తాంది అంటివే."

"అంటి."

ఆయన తల ఊపాడు. కోపం వస్తుందని చూసింది ఆమె, రాలేదు. తిడితే బాగుండేది, తిట్లకు ఆ ఇంట్లో ఎప్పుడూ ఒక ముగింపు ఉండేది.

"ఈపొద్దు జావ గూడా మాడిందమ్మా" అన్నాడు. "వాసన తెలుస్తాంది."

యమున మూత పెట్టేసింది.

కాసేపటికి ఆయనే, డాక్టరమ్మను కాగితం తెమ్మనమన్నాడు. నర్సు తెచ్చింది. సుధ ఎక్కడ సంతకం చేయాలో చూపించి పెన్ను చేతికిచ్చింది. ఆయన కాగితం చదవలేదు. పెన్నును, దారం కండె పట్టుకున్నట్టు, వేళ్ల మధ్య అటూ ఇటూ దొర్లించాడు.

"సుధా."

"ఊ నాయనా."

"కాలు తీస్తే బతుకుతానా?"

"బతుకుతావు నాయనా" అంది సుధ.

అడిగిన ఊపిరిలోనే వచ్చింది జవాబు. నున్నగా, ఎక్కడా పోగు తెగకుండా వచ్చింది. యమున ఉలిక్కిపడి ఆడబిడ్డ ముఖం చూసింది. ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. ఇన్ని రోజులు జావతోపాటు తను వాడిన గొంతే అది.

కదిరప్ప కూతురి కళ్లలోకి ఒక్క క్షణం చూసి, వంగి సంతకం చేశాడు. పేరు తెలుగులో పూర్తిగా రాశాడు, కింద గీత కూడా గీశాడు. సుధ కాగితం తీసుకుని, కళ్లు తుడుచుకుంటూ, దాదాపు పరిగెత్తినట్టే బయటికి వెళ్లింది. తలుపు సందులోంచి సుబ్బమ్మ గొంతు, పెట్టినాడా అని అడగడం వినిపించింది. తరువాత ఏడుపు వినిపించింది. ఎవరిదో తెలియలేదు.

కదిరప్ప దుప్పటిని కట్టు మీదికి లాక్కున్నాడు.

"ఆ బిడ్డకు అబద్ధం చెప్పేది రాదు" అన్నాడు, తనలో తను అన్నట్టు. "నిజం చెప్పేటప్పుడు ఎంతసేపు నలిగింది, చూసినావు గదా. ఇది మాత్రం అడగంగానే చెప్పేసింది."

యమున క్యారియర్ కింద పెట్టింది.

"పెట్టకుంటే దానికి జన్మంతా మనేద అయితాదని పెట్టినాలే సంతకం. దానికి చెప్పొద్దు." ఆయన దిండు మీద తల సర్దుకుని ఆమె వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు యమునా. డాక్టరమ్మ ఏమనింది?"

స్ట్రెచర్ చక్రాలు వరండాలో కిర్రుమంటూ దగ్గరికి వస్తున్నాయి. పుల్లన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు, వింటున్నాడని వీపు చెబుతోంది. ఏం కాదు మామా, అనే మాట ఆమె నాలుక చివర తయారుగా ఉంది, వెచ్చగా, ఎప్పటిలాగే. సగం అనే మాట ఆ వెనక ఎక్కడో ఉంది, దాన్ని ఇంతవరకు ఆమె ఎవరికీ వడ్డించలేదు.

తలుపు తెరుచుకుంది. "కదిరప్ప ఎవరు?" అన్నాడు స్ట్రెచర్ తోసుకొచ్చిన మనిషి.

"నేనే అప్పా. ఒక్క నిమిషం నిలబడు" అన్నాడు కదిరప్ప, కోడలి ముఖం మీంచి చూపు తిప్పకుండా. "ఈయమ్మ ఏందో చెప్పాల."